బాయిలరు పొయ్యికి వరిగడ్డి కట్టలు: కోత రోజు నుంచి కాటా దాకా

హైదరాబాద్ జీడిమెట్లలోని ఒక ఫ్యాక్టరీలో నేను 17 ఏళ్లు బాయిలరు చూసుకున్నాను. బొగ్గు ఖరీదు పెరిగిందని ఒక చలికాలం యాజమాన్యం వరిగడ్డి తెప్పించింది. మొదటి రెండు రోజులు మంట బాగానే ఉంది. మూడో రోజు ఆవిరి పీడనం పడిపోవడం మొదలైంది. నాలుగో రోజు పొయ్యి ఆపి తలుపు తీస్తే, జాలీ మీద బూడిద కరిగి, పరుచుకుని, చల్లారి గాజులా బిగుసుకుపోయి ఉంది. గునపంతో పొడిస్తే ఖణేలుమంది. దాన్ని పగలగొట్టడానికి ఇద్దరికి ఒక షిఫ్టు మొత్తం పట్టింది. ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని చూశాను. ఆకుపచ్చ కలిసిన నలుపు, లోపల చిన్న చిన్న గాలిబుడగలు, ముదరపాకం గడ్డకట్టినట్టు ఉంది. తప్పంతా గడ్డిదే అనుకున్నాను అప్పుడు. ఆ గడ్డిని ఎవరో పొలంలో తడి ఆరకముందే, మట్టితో సహా కట్టేసి పంపారని చాలా కాలానికి గానీ నాకు తెలియలేదు.

తొమ్మిదేళ్లుగా నేనే ఆ కట్టలు కడుతున్నాను. ఒక ట్రాక్టరు, గడ్డిని ఎత్తి గుండ్రటి కట్టలు చుట్టే బేలరు యంత్రం ఒకటి కొనుక్కుని కీసర, ఘట్‌కేసర్, శామీర్‌పేట మండలాల్లో తిరుగుతాను. కొంత గడ్డి నగరం అంచున ఉన్న పాడి రైతులకు వెళ్తుంది, ఎక్కువ భాగం ఇంధనంగా వెళ్తుంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న వాళ్లు నన్ను అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబు ఒక్కచోట ఉంటుందని ఇది రాస్తున్నాను.

ఇంజినీరింగు చదివే మా మేనల్లుడు మొన్న ఒక మాట అడిగాడు. "మామయ్యా, ఇంగ్లండులో కరెంటు కోసమే మిస్కాంథస్ అని ఒక గడ్డి పెంచుతారట. మనం ఎందుకు పెంచకూడదు?" వాడు చెప్పింది నిజమే. మిస్కాంథస్ మన రెల్లుకు, చెరకుకు దగ్గరి చుట్టం. ఒకసారి దుంపలు నాటితే 15 నుంచి 20 ఏళ్లు కోసుకోవచ్చు. ఆ రైతులు పైరు పండగానే కోయరు. చలికాలమంతా నిలువునా ఎండనిస్తారు. ఆకులు రాలి నేలకు చేరతాయి, కాండంలోని పోషకాలు దుంపల్లోకి దిగిపోతాయి, వానలకు మిగిలిన ఉప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి. అప్పుడు, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో, కోసి వరుసలుగా ఆరబెట్టి, ఒక్కొక్కటి అర టన్ను తూగే పెద్ద పలక కట్టలు కడతారు. మనకు ఆ మొక్క అవసరం లేదు. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ చేతికందే వరిగడ్డి ఉంది. అయితే వాళ్ల పద్ధతి మాత్రం నాకు పాఠంలా కనిపించింది. పొయ్యిలోకి వెళ్లే గడ్డి ఎంత ఆగితే అంత మంచిది.

పశువుల గడ్డి, పొయ్యి గడ్డి

పాడి రైతు బంగారు రంగు గడ్డి అడుగుతాడు. వాన పడి బూడిద రంగుకు తిరిగిన గడ్డిని వద్దంటాడు, అది న్యాయమే. పొయ్యికి మాత్రం ఆ బూడిద రంగు గడ్డే మేలు. గడ్డిని కాల్చి వేడి, కరెంటు తయారుచేసే డెన్మార్కులో ఈ తేడా ఎప్పుడో గుర్తించారు. అక్కడి ప్లాంట్లు వాన తగిలి ఆరిన గడ్డినే కోరుకుంటాయి.

దీనికి కారణం గడ్డిలోనే ఉంది. వరిగడ్డి కాలితే బరువులో 15 నుంచి 20 శాతం బూడిదే మిగులుతుంది. కట్టెలకు అది ఒకటి రెండు శాతం, మిస్కాంథస్‌కు రెండు మూడు శాతం. వరిగడ్డి బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థం. సిలికా ఒక్కటే ఉంటే అంత తేలిగ్గా కరగదు. దానికి పొటాషియం తోడైతే తక్కువ వేడికే కరిగి గాజవుతుంది. నేను గునపంతో పగలగొట్టింది దాన్నే. గడ్డిలోని క్లోరిన్ బాయిలరు గొట్టాలను తినేస్తుంది. ఈ పొటాషియం, క్లోరిన్ రెండూ నీటిలో కరిగేవే. ఒక మంచి వాన పడితే చాలా భాగం కారి మడిలోకి పోతాయి.

అందుకే కోసిన గడ్డి మీద వాన పడిందని కంగారుపడి తడిగా ఉండగానే కట్టెయ్యకండి. వాననే మేలుగా తీసుకుని, మళ్లీ ఆరేదాకా ఆగండి. పైవైపు ఆరగానే ఒకసారి తిరగేస్తే చాలు. గడ్డిని తిరగేయడానికి ట్రాక్టరుకు తగిలించే పళ్ల యంత్రం (రేక్) దొరక్కపోతే, చిన్న మడుల్లో ఇద్దరు మనుషులు పంగల కర్రలతో తిరగేయగలరు.

ఆగమంటే రైతుకు కష్టంగా ఉంటుంది. రెండేళ్ల కిందట ఏదులాబాద్ దగ్గర ఒక పెద్దాయన నాతో గట్టిగానే అన్నాడు. "తమ్ముడూ, గడ్డి వారం రోజులు మడిలో పడుంటే నేను దుక్కి ఎప్పుడు చేసుకోవాలి? అగ్గిపుల్ల గీస్తే గంటలో అయిపోతుంది." ఆయన పక్కన గట్టు మీద కూర్చుని లెక్క చెప్పాను. టన్ను వరిగడ్డిలో 15 నుంచి 20 కిలోల పొటాషియం, 5 నుంచి 8 కిలోల నత్రజని ఉంటాయి. కాలిస్తే నత్రజని దాదాపు అంతా పొగలో పోతుంది, పైగా పైమట్టిలోని సూక్ష్మజీవులు చస్తాయి. నేను వెంటనే కట్టి తీసుకుపోతే పొటాషియం మొత్తం నా లారీలో పోతుంది. వాన తగిలేదాకా ఆగితే అందులో ఎక్కువ భాగం మీ మడిలోనే దిగుతుంది పెద్దన్నా, అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "వారం కాదు, ఐదు రోజులు," అన్నాడు. నాలుగో రోజు రాత్రి వాన పడింది. ఆయనే ఫోను చేసి, ఇంకో మూడు రోజులు తీసుకో అన్నాడు.

ప్రతి పంటకూ గడ్డి మొత్తం ఎత్తుకుపోవడం నాకు ఇష్టం ఉండదు. మూడు పంటల్లో ఒకసారైనా కలియదున్నమని చెబుతాను. ఆ పంటకు నాకు పని పోతుంది, అయినా చెబుతాను.

కోత రోజునే పని మొదలు

బేలరు పొలంలోకి దిగే రోజున కాదు, హార్వెస్టరు దిగే రోజునే మీరు అక్కడ ఉండాలి. కోతకు పదిరోజుల ముందే మడికి నీళ్లు ఆపేయమని రైతుకు చెప్పుకోవాలి. మూసీ వెంట, ప్రతాపసింగారం నుంచి కిందికి, కాలువ నీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉంటాయి కాబట్టి ఈ మాట రెండుసార్లు చెప్పాలి. తడి మడిలో చైన్ హార్వెస్టరు తిరిగితే పట్టాల కింద గడ్డి బురదలోకి తొక్కుకుపోతుంది. ఆ బురద ఆరి గడ్డితోపాటు కట్టలోకి వస్తుంది, అక్కడినుంచి పొయ్యిలోకి పోతుంది. మట్టిలోనూ సిలికా ఉంటుంది.

హార్వెస్టరు డ్రైవరుతో రెండు విషయాలు మాట్లాడండి. వెనుక గడ్డిని ముక్కలు చేసే కత్తులు గానీ, చల్లే రెక్కలు గానీ ఉంటే ఆపేయమనాలి. గడ్డి ఒకే వరుసగా పడాలి. కొయ్యకాళ్లు జానెడు ఎత్తు వదలమనాలి. నేలకు ఆనించి కోస్తే నాలుగు కట్టలు ఎక్కువ వస్తాయని కొందరు ఆశపడతారు. వచ్చేది మట్టి. జానెడు కొయ్యకాళ్ల మీద పడిన గడ్డి మంచం మీద పరిచినట్టు పైకి లేచి ఉంటుంది, కింద గాలి ఆడుతుంది, పైనా కిందా కలిసి ఆరుతుంది. ఈ ఒక్క జాగ్రత్తతో నాకు ఒక రోజు ఎండ కలిసొస్తుంది. ధాన్యం ట్రాక్టర్లు ఆ వరుసల మీదుగా పోకుండా చూసుకోవడం కూడా మీ పనే.

ఆరిందా లేదా

వానాకాలం పంట గడ్డికి, అంటే నవంబరు, డిసెంబరు నెలల్లో, మంచి ఎండ కాస్తే నాలుగైదు రోజులు పడుతుంది. యాసంగి గడ్డి ఏప్రిల్, మే ఎండలకు రెండు రోజుల్లో గలగలలాడుతుంది. కట్టడానికి తేమ 15 శాతం లోపు ఉండాలి. తేమ మీటరు కొంటే మంచిదే. నేను మాత్రం ఇప్పటికీ ముందు చేతినే నమ్ముతాను. వరుస పైనుంచి కాదు, అడుగు నుంచి గుప్పెడు గడ్డి లాగి, రెండు చేతులతో తాడు పేనినట్టు మెలిపెడతాను. రెండు మూడు మెలికలకే పటపట విరిగితే ఆరినట్టు. విరగకుండా తాడులా మెత్తగా తిరిగిందంటే ఇంకా ఆగాలి. తరవాత ఒక కణుపు మీద గోరు గుచ్చుతాను. ఆకు ఎండినా కణుపులో నీరు దాక్కుంటుంది. గోరుకు తడి తగిలితే ఆ రోజు బేలరు దించను.

అనుమానం తీరకపోతే ఉప్పు పరీక్ష చేయండి. ఖాళీ పచ్చడి సీసాను బాగా ఆరబెట్టి, అందులో కత్తిరించిన గడ్డి గుప్పెడు, బాగా ఎండిన మెత్తని ఉప్పు ఒక చెంచా వేసి, మూత బిగించి రెండు నిమిషాలు కుదపండి. ఉప్పు గడ్డలు కట్టి సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటింది. ఇసుకలా జారిపోతే కట్టుకోవచ్చు. ఈ సీసా నా ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో ఎప్పుడూ ఉంటుంది.

తేమ మీద ఇంత పట్టుదల ఎందుకంటే లెక్క ఇలా ఉంటుంది. పూర్తిగా ఎండిన వరిగడ్డి కిలోకు సుమారు 3,500 కిలోకేలరీల వేడి ఇస్తుందనుకుందాం. 12 శాతం తేమ ఉన్న గడ్డి నుంచి దాదాపు 3,000 అందుతాయి. 30 శాతం తేమ ఉంటే, అందులో గడ్డే తక్కువ, పైగా ఆ నీటిని ఆవిరి చేయడానికి కిలో నీటికి సుమారు 600 చొప్పున ఖర్చవుతాయి. మిగిలేది 2,270 మాత్రమే. అంటే నాలుగో వంతు వేడి పోయింది. పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి ఈ తేడా మంట రంగులోనే తెలిసిపోతుంది.

చలికాలంలో పొద్దున మంచు ఆరేదాకా, అంటే పది, పదకొండు గంటల దాకా, మొదలుపెట్టకూడదు. సాయంత్రం ఐదుకు ఆపేయాలి. ఒకసారి కీసర దగ్గర చివరి రెండు మడులు మిగిలాయని లైట్లు వేసుకుని రాత్రి ఎనిమిది దాకా కట్టాను. రెండు వారాల తరవాత వాము దగ్గరికి వెళ్తే కాల్చిన బెల్లం వాసన వచ్చింది. విప్పి చూస్తే 60 కట్టలు లోపల నల్లగా మాడినట్టున్నాయి, చెయ్యి పెడితే సుర్రుమంది. అవి దేనికీ పనికిరాలేదు. గుట్టగా పోసి ఎరువు చేశాం.

బేలరుతో

నా బేలరు చుట్టే కట్ట రెండు అడుగుల వ్యాసం, మూడు అడుగుల పొడవు ఉంటుంది. గట్టిగా చుడితే 20 నుంచి 25 కిలోలు తూగుతుంది. 40 హార్స్‌పవర్ ట్రాక్టరు సరిపోతుంది. వెనుక పీటీవో షాఫ్టు, అంటే ఇంజను శక్తిని బేలరుకు అందించే ఇరుసు, నిమిషానికి 540 చుట్లు తిరిగేలా ఇంజను వేగం ఉంచి, చిన్న గేరులో, మనిషి నడిచినంత వేగంతో పోవాలి. గడ్డిని ఎత్తే పళ్లు నేలకు రెండు అంగుళాల పైన ఉండాలి. పళ్లు మట్టిని గీరుతున్నాయంటే దుమ్ము పైకి లేస్తుంది. ఆ దుమ్ము కనిపిస్తే ఆగి పళ్లు పైకెత్తండి.

కొత్తవాళ్లు వరుస మీద తిన్నగా పోతారు. వరుస మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా ఉంటుంది కాబట్టి కట్ట నడుము లావై, చివర్లు వదులై, ఎత్తేటప్పుడు ఊడిపోతుంది. వరుసకు కాస్త ఎడమగా కొంతదూరం, కాస్త కుడిగా కొంతదూరం, పాము నడకలా పోవాలి. అప్పుడు బేలరు లోపల కట్ట చుట్టుకునే గది రెండు వైపులా సమంగా నిండుతుంది. గది నిండిందని గంట మోగగానే ట్రాక్టరు ఆపి, పీటీవో మాత్రం తిరగనివ్వాలి. లోపల పురికొస ఒక చివర నుంచి రెండో చివరకు చుట్టుకుంటుంది. చివర్లలో చుట్లు దగ్గర దగ్గరగా పడేలా బిగించుకోండి, ముందు ఊడేది అక్కడే. తరవాత తలుపు తెరుచుకుని కట్ట దొర్లి పడుతుంది. దాన్ని కాలితో తొక్కి చూడండి. మడమ దిగబడితే వదులు కట్ట.

పురికొస జనపనారదే వాడండి. ప్లాస్టిక్ తాడు చవకే గానీ పొయ్యిలో కరిగి జాలీకి అంటుకుంటుంది, దాని పొగ పీల్చేది బాయిలరు దగ్గరున్న మనిషి. ఆ మనిషిగా 17 ఏళ్లు ఉన్నవాణ్ణి కాబట్టి ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక ప్రమాదం గురించి. పళ్లలో గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకున్నాకే దిగండి. తిరుగుతున్న యంత్రంలోకి చెయ్యి పెట్టి లాగబోతే, మనం వదిలేలోపే అది మనల్ని లాగేసుకుంటుంది. నాతో పనిచేసిన ఒక కుర్రాడి మెడలో తువ్వాలు షాఫ్టుకు చుట్టుకుంది. అదృష్టం కొద్దీ ముడి లేదు, జారిపోయింది. అయినా మెడ చుట్టూ ఎర్రటి గీత పడింది. నేను ఆ గీతను మరిచిపోలేదు. ఆ రోజు నుంచి మా దగ్గర తువ్వాలు, లుంగీ, వదులు చొక్కా వేసుకున్నవాళ్లను యంత్రం దగ్గరికి రానివ్వను. షాఫ్టు మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే అది మార్చేదాకా పని లేదు.

ఎండాకాలంలో నిప్పు భయం ఎక్కువ. షాఫ్టు చుట్టూ గడ్డి చుట్టుకుని రాపిడికి వేడెక్కుతుంది. ప్రతి 50 కట్టలకు ఒకసారి యంత్రం ఆపి, చుట్టుకున్న గడ్డిని కోసి తీసి, బేరింగుల దగ్గర అరచేతి వెనుక వైపు పెట్టి వేడి చూడండి. రెండు క్యాన్ల నీళ్లు, తడిపిన గోనెసంచి, మంటలార్పే సిలిండరు ట్రాక్టరు మీదే ఉండాలి. కట్టలు ఎత్తేటప్పుడు కొక్కెంతో ముందు తిప్పి చూడాలి. కట్ల పాములు చల్లగా ఉందని కట్టల కింద చేరతాయి.

వాము వేయడం

మిట్ట ప్రదేశం చూసుకోండి. కింద బండలు గానీ పాత చెక్కలు గానీ పరిచి, వాటి మీద కట్టలు పేర్చాలి. నేల మీద పెడితే అడుగు వరుస నెమ్ము పీల్చుకుని పోతుంది. టార్పాలిన్ పైకప్పుగా మాత్రమే కప్పాలి. చుట్టూ మూసేస్తే లోపలి తేమ బయటకు పోయే దారి ఉండదు. కరెంటు తీగల కింద, ఇంటి పక్కన, దారి పక్కన వాము వద్దు. ఉన్న గడ్డినంతా ఒకే గుట్టగా కాక, మధ్యలో ట్రాక్టరు తిరిగేంత ఖాళీ వదిలి రెండు మూడు వాములు వేస్తే, ఒకటి అంటుకున్నా మిగిలినవి దక్కుతాయి.

మొదటి మూడు వారాలు వారానికి రెండుసార్లు వాము మధ్యలోకి పొడవాటి ఇనుప ఊచ గుచ్చి, పావుగంట ఉంచి తీయండి. ఊచను చేత్తో హాయిగా పట్టుకోగలిగితే భయం లేదు. పట్టుకోలేనంత వేడిగా ఉంటే, అంటే 60 డిగ్రీలు దాటిందంటే, వాము విప్పి గాలి ఆడనివ్వాలి. 80 దగ్గరికి వచ్చిందని థర్మామీటరు చెబితే మాత్రం మీరు విప్పవద్దు. గాలి తగిలిన క్షణంలో భగ్గుమంటుంది. 101కు ఫోను చేసి, ఫైరింజను పక్కన ఉండగానే విప్పించాలి.

కాటా దగ్గర

ఇంధనం గడ్డిని కట్టల లెక్కన అమ్మవద్దు, తూకం లెక్కన అమ్మండి. కట్టల లెక్క పెడితే వదులు కట్టలు కట్టాలన్న ఆశ పుడుతుంది. ధర మాట్లాడేటప్పుడే తేమ ఎంత వరకు ఒప్పుకుంటారు, అది దాటితే ఎంత కోత పెడతారు అన్నది కాగితం మీద రాయించుకోండి. లోడు దింపేటప్పుడు వాళ్లు కొలిచే కట్టలను మీరూ దగ్గరుండి చూడాలి. పై వరుస నుంచి రెండు, మధ్య నుంచి రెండు, అడుగు నుంచి రెండు తీయించండి.

2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో 5 శాతం జీవ ఇంధన గుళికలు కలపాలని విధానం ప్రకటించింది. మన కట్టలు నేరుగా ఆ కేంద్రాలకు పోవు. గుళికలు, బ్రికెట్లు (గడ్డిని నొక్కి చేసే ఇంధన దిమ్మెలు) చేసేవాళ్లు కొని, ముక్కలు చేసి, నొక్కి పంపుతారు. కట్టలో ఘనమీటరుకు 100 కిలోల లోపే గడ్డి పడుతుంది, బ్రికెట్లలో దానికి ఎన్నో రెట్లు పడుతుంది. కాబట్టి కట్టల రూపంలో దూరం పంపితే డీజిలుకే డబ్బు సరిపోతుంది. నేను రానూపోనూ 60 కిలోమీటర్లు దాటిన ఆర్డరు తీసుకోను. నగరంలోకి పగలు పెద్ద లారీలను రానివ్వరు కాబట్టి లోడు సాయంత్రానికి సిద్ధం చేసుకుని, ఔటర్ రింగు రోడ్డు మీదుగా రాత్రి పంపుతాను.

సీజను ముగిశాక బేలరును అలాగే మూల పెట్టకండి. లోపల మిగిలిన గడ్డి పోచ కూడా లేకుండా గాలి కొట్టి తీసేయండి. ఆ గడ్డిలో ఎలుకలు గూడు పెడతాయి, నెమ్ముకు ఇనుము తుప్పు పడుతుంది. గొలుసులకు నూనె, బేరింగులకు గ్రీజు పెట్టి, అరిగిన పళ్లు అప్పుడే మార్పించండి. హార్వెస్టర్లు దిగాక మెకానిక్ దొరకడు. మిగిలిన పురికొస ఉండలను మా ఆవిడ మూత గట్టిగా ఉన్న బియ్యం డబ్బాలో పెట్టి, పైన నాలుగు వేపాకులు వేస్తుంది.